నీళ్లు గీయకుండా నదిని గీయడం

లండన్ బ్రిడ్జి దగ్గర థేమ్స్ నది రోజుకు రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తీస్తుంది. సముద్రం పోటు మీదుంటే నీళ్లు ఎగువకు నడుస్తాయి, ఆటుకు మళ్లీ దిగువకు. పెద్ద పోటు రోజుల్లో నీటి ఎత్తులో తేడా ఏడు మీటర్ల దాకా ఉంటుంది. పొద్దున్నే రేవు మెట్ల మీద కూర్చుని కాగితం తెరిచిన చిత్రకారుడికి భోజనాల వేళకు ఆ మెట్లలో చాలా భాగం కనబడదు. బురదలో ఒక పక్కకు ఒరిగి పడున్న పడవ లేచి నిటారుగా తేలుతుంది. లంగరు మీద పడమటికి ముక్కు పెట్టుకుని ఉన్న పడవలు తూర్పుకు తిరుగుతాయి. వీటి నడుమ జనాన్ని ఎక్కించుకునే లాంచీలు, చెత్త కంటైనర్ల బార్జీలను లాక్కెళ్లే టగ్గులు, పోలీసు బోట్లు. ఏదీ మనకోసం ఆగదు.

ఇలాంటి నదిని గీతల్లో పట్టుకునే పని దాదాపు నాలుగు వందల ఏళ్లుగా సాగుతోంది. అందులో చెయ్యి తిరిగినవాళ్ల బొమ్మలు వరసగా పెట్టుకుని చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. వంతెనల మీద గీతలుంటాయి, గిడ్డంగుల మీద ఉంటాయి, తాళ్ల మీద, తెరచాపల మీద, చివరికి మనుషుల టోపీల మీద కూడా ఉంటాయి. నీటి మీద మాత్రం అతి తక్కువ. చాలాచోట్ల ఏమీ ఉండదు, ఉత్త కాగితం. అయినా చూసేవాడికి అక్కడ నీళ్లే కనబడతాయి. రద్దీ నదిని పెన్సిలుతో వేయడంలో కిటుకంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. మిగతాదంతా సాధన చేస్తే పట్టుబడేదే. చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియడమే కష్టం.

విస్లర్ 1859లో చేసిన ‘బ్లాక్ లయన్ వార్ఫ్’ చూడండి. అమెరికాలో పుట్టిన జేమ్స్ విస్లర్‌కు అప్పటికి పాతికేళ్లు. ఆ ఏడాది లండన్ తూర్పు రేవుల పక్కనే మకాం పెట్టి, సరుకు పడవల మధ్య, కూలీల మధ్య కూర్చుని రాగి రేకుల మీద సూదితో బొమ్మలు గీశాడు. రేకు మీద పూత, ఆ పూతను గీరే సూది, తర్వాత యాసిడ్ స్నానం, చివరికి ముద్ర. పద్ధతి వేరే అయినా అక్కడ చెయ్యి చేసేది పెన్సిలు పనే: రంగు లేదు, ఉన్నది గీత ఒక్కటే. నోటుపుస్తకం పేజీ అంత ఉన్న ఆ ముద్రలో ఆవలి ఒడ్డున బారులు తీరిన గిడ్డంగుల చెక్క పలకలు, కిటికీలు, తలుపులు విడివిడిగా కనబడతాయి. ఇవతల మనకు దగ్గరగా ఉన్న మనిషినీ పడవలనూ మాత్రం పైపైన గీసి వదిలేసినట్టుంటుంది. నడుమ నీళ్లకు దక్కింది కొద్దిపాటి పొట్టి గీతలే.

బడిలో చెప్పే పాఠం ప్రకారం ఇది తలకిందుల వ్యవహారం. దగ్గరిది వివరంగా, దూరానిది మసకగా ఉండాలంటారు. కానీ రద్దీ రేవులో కూర్చున్నవాడి చూపు అలా నడవదు. ముందు నుంచి పోయే పడవ కంటికి ఆనేలోపే దాటిపోతుంది. చూపు వెళ్లి కదలని ఆవలి గోడ మీద వాలుతుంది. విస్లర్ గీసింది ఆ చూపును. ఈ బొమ్మంటే ఆయనకూ మక్కువ ఉన్నట్టే ఉంది. 1871లో తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి వేసిన ప్రసిద్ధ చిత్రంలో ఆమె ఎదర గోడకు వేలాడుతున్న ముద్ర ఇదే. అదే ఏడాది థేమ్స్ బొమ్మలు పదహారింటిని సంపుటంగా వెలువరించాడు.

ఇక పెన్సిలు సంగతి. ఆ పనిముట్టు పుట్టుకకూ ఇంగ్లండుతో సంబంధం ఉంది. ఉత్తరాన కంబ్రియా కొండల్లో, బారోడేల్ లోయలో, పదహారో శతాబ్దంలో స్వచ్ఛమైన గ్రాఫైట్ ముద్దలు ముద్దలుగా దొరికింది. అక్కడి జనం దాన్ని ‘వాడ్’ అనేవారు. కాపరులు గొర్రెల మీద గుర్తులు పెట్టుకునేవారని చెబుతారు. ఫిరంగి గుళ్ల అచ్చులకు పనికొచ్చే సరుకు కావడంతో గిరాకీ పెరిగి, దొంగతనాలు పెరిగి, 1752లో పార్లమెంటు ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. బ్రిటన్‌తో యుద్ధం వల్ల ఫ్రాన్సుకు ఈ సరుకు అందకుండా పోయినప్పుడు నికోలా జాక్ కోంతే అనే ఆయన గ్రాఫైట్ పొడిని బంకమట్టితో కలిపి బట్టీలో కాల్చి కడ్డీలు తయారుచేశాడు. అది 1795. మట్టి పాలు పెరిగితే కడ్డీ గట్టిపడుతుంది, గీత లేతగా పడుతుంది. తగ్గితే మెత్తగా, నల్లగా. మనం దుకాణంలో అడిగే టూహెచ్, హెచ్‌బీ, ఫోర్‌బీ అన్నీ ఆ పాళ్ల తేడాలే. తర్వాత హార్ట్‌ముత్ కంపెనీ తన ఖరీదైన పసుపు పెన్సిలుకు కోహినూర్ అని పేరు పెట్టుకుంది. మన కృష్ణాతీరంలో కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే వజ్రం పేరు అది. వజ్రమూ గ్రాఫైటూ రెండూ కార్బనే కాబట్టి, పేరు అతికినట్టే ఉంది.

నది ఒడ్డున ఈ పుల్లముక్కకు ఉన్న సౌకర్యం మరి దేనికీ లేదు. నీళ్లక్కర్లేదు, ఆరబెట్టక్కర్లేదు, సీసా ఒలికిపోతుందన్న బెంగ లేదు. కదులుతున్న పడవలో కూర్చుని కూడా గీయొచ్చు. ఇంగ్లిషు చిత్రకారుడు టర్నర్‌ను రంగుల మాంత్రికుడిగా లోకం కొనియాడుతుంది కానీ ప్రయాణాల్లో ఆయన చేతిలో ఎక్కువగా ఉన్నది పెన్సిలే. ఆయన మరణానంతరం దేశానికి దక్కిన స్కెచ్‌బుక్కులు మూడు వందల దాకా ఉన్నాయి, ఇప్పుడు టేట్ గ్యాలరీ భద్రపరుస్తోంది. 1819లో నేపుల్స్‌లో ఆరుబయట రంగులెందుకు వేయరని అడిగితే, ఒక రంగు బొమ్మ వేసే సమయంలో పెన్సిలు బొమ్మలు పదిహేనో పదహారో అవుతాయని జవాబిచ్చాడట. లెక్క చూసుకునే మనిషి మాట. ఆ పుస్తకాల్లో కొన్ని పేజీలు చూస్తే తెరచాప ఒక కోణం, వంతెన ఒక వంపు, పక్కన గుర్తుకోసం ఒకటి రెండు మాటలు, అంతే. మిగతాది ఇంటికెళ్లాక.

మరి మెట్ల మీద కూర్చున్నవాడు వరసగా ఏం చేస్తాడు? మొదట కాగితానికి అడ్డంగా కంటి మట్టం గీత, కనీకనబడనంత లేతగా, టూహెచ్‌తో. నది బొమ్మలో అన్నీ దీన్ని బట్టే నడుస్తాయి. మనం నించుని చూస్తూ, అదే మట్టంలో జనమూ నించుని ఉంటే, వాళ్లు దగ్గరున్నా దూరమున్నా తలలన్నీ ఆ గీత మీదికే వస్తాయి. కాళ్లు మాత్రం దూరం పోయేకొద్దీ పైకి జరుగుతాయి. అందుకే రేవు నిండా జనాన్ని వేయాల్సినవాడు మనుషులను ఒక్కొక్కరిగా వేయడు. ముందు గీత పొడుగునా తలల చుక్కలు పెట్టేస్తాడు, తర్వాత వాటి కింద ఒళ్లు దించుతాడు. యాభైమంది జనం రెండు నిమిషాల్లో నిలబడతారు.

ఆ తర్వాత కదలనివి: వంతెన స్తంభాలు, క్రేన్లు, ఆవలి ఒడ్డు నీటిని తాకే గీత. కొత్తవాళ్లు తడబడేది ఈ చివరిదాని దగ్గరే. నది వంపు తిరిగి ఉందని మనసుకు తెలుసు కాబట్టి ఆ గీతను వాలుగా లాగేస్తారు. తీరా చూస్తే నది కొండ దిగుతున్నట్టుంటుంది. నీటికి దగ్గరగా కూర్చున్నవాడికి ఆ వంపు దాదాపు అడ్డగీతగానే కనబడుతుంది. మనసును పక్కనపెట్టి కంటిని నమ్మాలి.

పడవలు అన్నిటికంటే చివర. పడవను పై అంచు నుంచి కాదు, నీటిని తాకే చోటు నుంచి మొదలుపెట్టాలి. అడుగున ఫోర్‌బీతో ఒక సన్నటి నల్లగీత, పడవ పొడవునా, మధ్యమధ్య కాస్త తెగుతూ. బొమ్మ మొత్తంలో అన్నిటికంటే నల్లగా ఉండాల్సింది అదే. ఆ గీత పడేదాకా పడవ గాలిలో ఉంటుంది, కింద ఉన్నది కాగితంగానే ఉంటుంది. గీత పడిన మరుక్షణం పడవ కూర్చుంటుంది, కాగితం నీరవుతుంది. ఎవరైనా పక్కన కూర్చుని చూస్తుంటే ఈ మార్పు వాళ్ల కళ్లముందే జరుగుతుంది.

కదిలేదాన్ని వేయడానికి పాతవాళ్ల ఉపాయం వాయిదాల పద్ధతి. రేవుకు లాంచీ వస్తుంది, తాడు వేస్తారు, జనం దిగుతారు, ఎక్కుతారు, పోతుంది. పట్టుమని మూడు నిమిషాలుండదు. అయితే కాసేపట్లో రెండో లాంచీ వచ్చి సరిగ్గా అదే వాలున, అదే చోట ఆగుతుంది. కాబట్టి ఒకే కాగితం మీద నాలుగైదు బొమ్మలు అసంపూర్తిగా మొదలుపెట్టి ఉంచుకుంటారు. లాంచీ వస్తే లాంచీ బొమ్మ మీద ఇంకో పది గీతలు, టగ్గు వస్తే టగ్గు మీద. సాయంత్రానికి అన్నీ ఒక కొలిక్కి వస్తాయి. అందులో కనబడే లాంచీ నిజానికి ఏ ఒక్క లాంచీ కాదు, ఆ పూట వచ్చిన లాంచీలన్నీ కలిసి ఒకటైంది.

ప్రతిబింబాల దగ్గర రెండు మూడు సూత్రాలు చాలు. వస్తువుకు నిట్టనిలువుగా కిందే ప్రతిబింబం పడుతుంది, పక్కకు పోదు. నల్లటి వస్తువు ప్రతిబింబం కాస్త తేలుతుంది, తెల్లటిదాని ప్రతిబింబం కాస్త మసకబారుతుంది. నీళ్లు కదులుతుంటే అది మనవైపు సాగి ముక్కలు ముక్కలవుతుంది. కాబట్టి స్తంభం కింద పొట్టి అడ్డగీతలు, కిందికొచ్చేకొద్దీ ఎడం పెరుగుతూ, ఓ పదో పన్నెండో. ఇంతకు మించి నీటిని ముట్టుకోకపోవడం మంచిది. లాంచీ వెనక చీలే నురగకైతే పెన్సిలు కూడా వద్దు. లేతగా రుద్దిన చోట మెత్తటి రబ్బరుతో ఒక్క లాగు లాగితే తెల్లటి చార లేస్తుంది. రబ్బరు పెన్సిలు గీతను చెరుపుతుందని 1770లో జోసెఫ్ ప్రీస్ట్లీ రాసేదాకా, ఆ పనికి రొట్టెముక్క వాడేవారు.

పెన్సిలుకు ఒక చెడ్డగుణమూ ఉంది. గట్టిగా, మళ్లీమళ్లీ రుద్దితే గ్రాఫైట్ నలుపెక్కదు, మెరుపెక్కుతుంది. వెలుతురు పక్కనుంచి పడితే వంతెన కింది చీకటి కాస్తా వెండిరేకులా తళతళలాడుతుంది. అందుకే అనుభవజ్ఞులు నల్లదనాన్ని నొక్కి తెచ్చుకోరు. పక్కన తెలుపును ఎక్కువ వదిలి, ఉన్న బూడిదరంగే నలుపుగా కనబడేలా చేస్తారు. మళ్లీ అదే, వదలడం.

వదలడం అన్నానని తెలియకుండా వేయమని కాదు. లండన్‌లోని చెల్సీలో గ్రీవ్స్ అని ఒక పడవల కుటుంబం ఉండేది. తండ్రి పడవలు కట్టేవాడు, టర్నర్‌ను నది మీద తిప్పినవాడు. కొడుకులు వాల్టర్, హెన్రీ విస్లర్‌ను తిప్పారు, ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకున్నారు. విస్లర్‌గారికి పడవ ఒక ఛాయ, మాకు మాత్రం పడవంటే పడవే అన్న అర్థం వచ్చే మాట ఒకటి వాల్టర్ చెప్పాడు. ఆయన కుర్రతనంలో వేసిన హ్యామర్‌స్మిత్ వంతెన బొమ్మ టేట్ గ్యాలరీలో ఉంది. పడవ పందేల రోజు వంతెన మీద, గొలుసుల మీద కూడా జనం ఎక్కి కూర్చున్న తైలచిత్రం. ఎవర్నీ వదల్లేదు. దాన్ని చూసినప్పుడల్లా గురువు కంటే శిష్యుడికే నది ఎక్కువ తెలుసనిపిస్తుంది, బొమ్మ మాత్రం గురువుకే ఎక్కువ తెలుసనిపిస్తుంది. పడవవాడి కన్ను అంత తేలిగ్గా మోసపోదు మరి. ఒకే బొమ్మలో ఒకే లోతున లంగరేసిన రెండు పడవలు ఎదురెదురు దిక్కులకు ముక్కులు పెట్టి ఉంటే, ఒకటి పొద్దున వేసిందనీ రెండోది పోటు తిరిగాక వేసిందనీ చెప్పేస్తాడు.

ఈ గీతలు తర్వాతివాళ్లకు ఎంత పనికొస్తాయో తెలుసుకోవాలంటే హోలార్ దగ్గరికి వెళ్లాలి. వెన్సెస్లాస్ హోలార్ ప్రేగ్ నగరవాసి, 1607లో పుట్టాడు. ముప్పై ఏళ్ల వయసులో ఒక ఇంగ్లిషు ప్రభువు వెంట లండన్ వచ్చి, నది దక్షిణపు ఒడ్డున సౌత్‌వార్క్ చర్చి గోపురం ఎక్కి, కింద కనబడే ఇళ్లనూ నదినీ ముందు పెన్సిలుతో, దాని మీద సిరాతో గీసుకున్నాడు. ఆ కాగితం ఇప్పుడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వారి బ్రిటిష్ చిత్రకళా కేంద్రంలో ఉంది. తర్వాత ఇంగ్లండు అంతర్యుద్ధ కాలంలో లండన్ విడిచి ఆంట్‌వెర్ప్ చేరి, ఆ గీతల ఆధారంగా లండన్ దీర్ఘదృశ్యాన్ని రాగి రేకుల మీద చెక్కాడు. 1647లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. అందులో రెండు గుండ్రటి కట్టడాల పేర్లు తారుమారయ్యాయి. షేక్‌స్పియర్ బృందం నాటకాలాడిన గ్లోబ్ మీద ఎలుగుబంట్ల పందేల శాల అనీ, ఆ శాల మీద గ్లోబ్ అనీ పడింది. పేర్లు తప్పాయి కానీ గీతలు తప్పలేదు. 1613లో కాలిపోయాక మళ్లీ కట్టిన ఆ గ్లోబ్‌ను 1640ల్లో కూలగొట్టేశారు. 1666 అగ్నిప్రమాదంలో ఆవలి ఒడ్డున పాత నగరం చాలావరకు బూడిదైంది. ఇరవయ్యో శతాబ్దంలో గ్లోబ్‌ను తిరిగి కట్టాలని పూనుకున్నవాళ్లు, దాని కొలతలు తేల్చడానికి ఆధారంగా పెట్టుకున్నవాటిలో గోపురం మీద కూర్చుని గీసిన ఆ స్కెచ్ ఒకటి. కొత్త నాటకశాల 1997లో తెరుచుకుంది.

విస్లర్ బొమ్మలకూ ఇలాంటి విలువే పట్టింది. 1858 వేసవిలో థేమ్స్ కంపు భరించలేక పార్లమెంటు అల్లాడిపోయింది. ఆ దెబ్బతో ఇంజనీరు జోసెఫ్ బాజల్‌జెట్ నగరం కింద భారీ మురుగు కాలువలు తవ్వించాడు, నది ఒడ్డున రాతి కట్టలు పోయించాడు. విక్టోరియా కట్ట 1870లో, చెల్సీ కట్ట 1874లో పూర్తయ్యాయి. గ్రీవ్స్ అన్నదమ్ములు పుట్టిపెరిగిన బురద రేవు రాయి కింద పోయింది. తూర్పున గిడ్డంగులు ఇంకో వందేళ్లు నిలిచాయి. కంటైనర్ ఓడలొచ్చాక 1981 నాటికి రేవులు మూతపడ్డాయి. అప్పటికే ఫొటోలు ఉన్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి. కానీ 1850ల కెమెరా ముందు నిమిషాలు కాకపోయినా కొన్ని క్షణాలైనా లోకం కదలకుండా ఉండాలి. కదిలే మనుషులు, పడవలు అందులో పొగలా చెరిగిపోయేవారు. రద్దీ నది ఫొటోలో నిర్మానుష్యంగా పడేది. రద్దీని నిలబెట్టింది చేతిగీతే.

ఇరవయ్యో శతాబ్దపు ఆధునికుల్లో ఈ విద్యను గట్టిగా పట్టుకున్నవాడు మ్యూర్‌హెడ్ బోన్. గ్లాస్గోవాసి, ముందు వాస్తుశిల్పి దగ్గర పని నేర్చుకున్నవాడు. పరంజాలు, దూలాలు, సగం కట్టిన గోడలు కనబడితే ఆయన పెన్సిలు ఆగదు. 1916లో బ్రిటన్ తొలి అధికారిక యుద్ధ చిత్రకారుడయ్యాడు. 1917లో ఓడల తయారీ మీద చేసిన రాతిముద్రల్లో ఒకటి పెద్ద క్రేను పైనుంచి చూసిన షిప్‌యార్డు. వేల ఇనుప ముక్కల మధ్య మనుషులు నలుసులంత. అంత గందరగోళంలో కూడా కన్ను ఊపిరి తీసుకోవడానికి ఆయన ఖాళీలు వదులుతాడు.

ఈ మధ్య పెన్సిలుతో ఫొటోను తలదన్నేలా వేసే బొమ్మలు బాగా చలామణీలో ఉన్నాయి. ఫొటో తీసుకుని గళ్లు గీసుకుని వారాల తరబడి ప్రతి అలనూ, ప్రతి మెరుపునూ దించుతారు. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ నదిని అలా వేసినప్పుడు నాకు మాత్రం ఏదో వెలితి తోస్తుంది. కెమెరా సెకనులో వెయ్యోవంతు చూసిన నీరు అది. ఏ మనిషీ నదిని అలా చూడడు. అల అలకూ గీత పెట్టిన నీరు గడ్డకట్టినట్టుంటుంది, దాని మీద పడవలు ఇరుక్కుపోయినట్టుంటాయి.

మన గోదావరికీ థేమ్స్‌కూ ఈ విద్యలో చిన్న చుట్టరికం ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే, థేమ్స్ ఒడ్డునున్న ఆబింగ్డన్ మనిషి. స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావులోని చిత్రకారుడి చేవను కనిపెట్టి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకు వెళ్లేలా చేసింది ఆయనే. రామారావు 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో పోయాడు. రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీకి వెళ్తే తైలవర్ణాల దగ్గరే ఆగిపోకండి, స్కెచ్‌ల దగ్గరా కాసేపు నిలబడండి.

రాజమండ్రి పుష్కరాల రేవులో కూర్చుని వేసేవాళ్లకు లండన్ చిక్కులు ఉండవు. దిగువన ధవళేశ్వరం ఆనకట్ట ఉంది కాబట్టి మెట్లు పూటపూటకూ మునిగి తేలవు, లంగరేసిన పడవ ముక్కు తిప్పదు. ఇక్కడి చిక్కు వేరు, అది వెడల్పు. ఆవలి ఒడ్డు వెంట్రుకవాసి గీత. విస్లర్‌కు దొరికినట్టు చూపు వాలడానికి గోడ దొరకదు. ఆ లోటు తీర్చేది వంతెనలే. 1997లో వచ్చిన కమానుల రైలు వంతెనకు మొత్తం 28 విల్లులు, ఒక్కోటి తొంభై మీటర్ల పైచిలుకు. దగ్గరున్న ఐదారు విల్లులను కొలిచి సరిగ్గా నిలబెట్టి, ఆ పైవి కుంచించుకుపోతూ గీతలో కలిసిపోయేలా వదిలేస్తే నది దానంతటదే వెడల్పవుతుంది. ఇరవై ఎనిమిదీ వచ్చాయా అని లెక్కపెట్టేవాళ్లు రైల్వేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు.